నన్ గారి స్ట్యూ, పాత రెయిన్‌కోటు: కొలంబో నవ్విస్తూ ఏం చేస్తున్నాడు?

కొలంబో అనగానే మా క్లబ్‌లో సగం మందికి శ్రీలంక గుర్తొచ్చింది. ఆ కొలంబో కాదు. ఇది 1971 నుంచి 1978 దాకా అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్‌లో, తర్వాత 1989 నుంచి 2003 దాకా ఏబీసీలో వచ్చిన డిటెక్టివ్ సీరియల్. లాస్ ఏంజిలిస్ పోలీసుల్లో లెఫ్టినెంట్ కొలంబోగా పీటర్ ఫాక్ వేశాడు. నలిగిపోయిన రెయిన్‌కోటు, చేతిలో చుట్ట, ఎప్పుడు ఆగిపోతుందో తెలియని పాత ప్యూజో 403 కారు. వెళ్ళిపోతున్నట్టు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి "ఒక్క చిన్న విషయం సార్" అనడం. ఆ మనిషికి 2014లో బుడాపెస్ట్‌లో విగ్రహం కూడా పెట్టారు, పక్కన అతని కుక్కతో సహా. మనం పుట్టకముందే అయిపోయిన సీరియల్‌కి ఇంకా ఇంత మంది అభిమానులు ఎందుకున్నారో అర్థం కావాలంటే, వాళ్ళు తిరిగి తిరిగి చూసే ఎపిసోడ్ ఒకటి తీసుకుని విప్పి చూడాలనిపించింది. నేను తీసుకున్నది "నెగెటివ్ రియాక్షన్". 1974 అక్టోబర్ 6న ప్రసారమైంది. రాసింది పీటర్ ఎస్. ఫిషర్.

ఇది సరదా ఎపిసోడ్ అని పేరు. కామెడీ సీన్లు చాలానే ఉన్నాయి. మేం నలుగురం కలిసి చూస్తున్నప్పుడు ఒకడు "ఈ నన్ సీన్ కథకి అక్కర్లేదు, ఫార్వర్డ్ చెయ్యి బ్రో" అన్నాడు. నా పాయింట్ ఏంటంటే, ఆ సీన్ తీసేస్తే ఈ ఎపిసోడ్‌లో మిగిలేది ఒక తెలివైన ట్రిక్కు మాత్రమే. అసలు విషయం పోతుంది.

ముందు కథ. హంతకుడు ఎవరో దాచను, ఎందుకంటే సీరియలే దాచదు. కొలంబోలో ఎక్కువ ఎపిసోడ్లు హత్యతోనే మొదలవుతాయి. ఎవరు చంపారో, ఎలా చంపారో మనం కళ్ళారా చూస్తాం, ఆ తర్వాతే కొలంబో వస్తాడు. మన వాళ్ళకి చెప్పాలంటే "దృశ్యం" లాగా అన్నమాట. ఈ పద్ధతిని బ్రిటిష్ రచయిత ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో వచ్చిన "ది సింగింగ్ బోన్" కథల్లోనే వాడాడు. సీరియల్‌ని సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ దాన్ని టీవీకి తెచ్చారు. రెండోసారి చూస్తే మజా పోతుందనే బాధ ఇందులో లేదు, జవాబు మొదటిసారే చెప్పేశారు కాబట్టి. మనం చూసేది జవాబు కాదు, స్టెప్పులు.

పాల్ గలెస్కో పేరున్న ఫోటోగ్రాఫర్, పులిట్జర్ గెలిచినవాడు. ఈ పాత్ర డిక్ వాన్ డైక్‌ది. "మేరీ పాపిన్స్"లో గెంతుతూ పాటలు పాడిన ఆ నవ్వు ముఖం మనిషే, ఇక్కడ గడ్డం పెంచి చల్లగా పెళ్ళాన్ని చంపుతాడు. భార్య ఫ్రాన్సెస్ అతని మీద పెత్తనం చేస్తుంది, అది అతనికి భరించలేకుండా అయింది. ప్లాన్ ఏంటంటే కిడ్నాప్ నాటకం. ఊరికి దూరంగా ఒక రాంచ్ ఇంట్లో ఆమెని కుర్చీకి కట్టేసి, వెనక కనపడే గడియారాన్ని రెండు గంటలకి తిప్పి, ఇన్‌స్టంట్ కెమెరాతో ఫోటో తీస్తాడు. నిజానికి అప్పుడు ఉదయమే. రెండింటికి తను వేరే చోట నలుగురిలో ఉంటాడు కదా, అదీ లెక్క. తర్వాత ఆమెని కాల్చేస్తాడు.

మరి కిడ్నాపర్ ఎవరు? దానికి ఆల్విన్ డెష్లర్ అనే అమాయకుణ్ణి ముందే రెడీ చేసుకున్నాడు. డెష్లర్ శాన్ క్వెంటిన్ జైలు నుంచి కొత్తగా బయటికొచ్చినవాడు. గలెస్కో పని ఇచ్చాడు, రాంచ్ చూసి పెట్టమన్నాడు. అందుకే రేపు ఎవర్ని అడిగినా "ఆ ఇల్లు చూడ్డానికొచ్చింది డెష్లరే" అంటారు. చివరికి పాత కార్లు పడేసే యార్డుకి డెష్లర్‌ని పిలిపించి కాల్చేసి, డెష్లర్ చేతిలో పెట్టిన తుపాకీతో తన కాలికే కాల్చుకుంటాడు. పోలీసులకి కథ రెడీ: డబ్బు తీసుకోడానికొచ్చిన కిడ్నాపర్ నన్ను కాల్చాడు, నేనూ తిరిగి కాల్చాను. జైలుకెళ్ళొచ్చిన వాడు ఒక పక్క, పులిట్జర్ మనిషి ఇంకో పక్క. కేసు అక్కడితో క్లోజ్ అవ్వాలి.

ఇప్పుడు నన్ సీన్‌కి వద్దాం.

యార్డులో ఆ టైమ్‌కి ఒక తాగుబోతు పడి ఉన్నాడు, పేరు డోలన్. వేసింది వీటో స్కాటీ, కొలంబోలో రకరకాల చిన్న వేషాల్లో కనిపించే మనిషి. రెండు కాల్పుల మధ్య కొంచెం గ్యాప్ వచ్చిందన్నది ఈ డోలన్ వల్ల తెలుస్తుంది. ఎదురెదురుగా ఒకేసారి కాల్చుకుంటే గ్యాప్ ఎందుకొస్తుంది? అతన్ని వెతుక్కుంటూ కొలంబో ఒక మిషన్‌కి వెళ్తాడు, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి అన్నం పెట్టే చోటు. అక్కడి నన్ కొలంబో కోటు చూసి, అయ్యో పాపం ఎన్నాళ్ళైందో తిని, అని కూర్చోబెట్టి స్ట్యూ పెడుతుంది. ఇతను చెప్పబోయే మాట వినదు. తింటాడు కూడా, బావుంది మరి. ఆ కోటు తీసేయ్, నీకు మంచిది వెతికిస్తానంటుంది. ఈ కోటంటే నాకిష్టమండీ అని ఇతను నీళ్ళు నములుతాడు. చివరికి నేను పోలీసునని చెప్తే, ఆవిడ ఆశ్చర్యపోయి, మారువేషంలో వచ్చావా, అబ్బ ఎంత బాగా కుదిరింది అని మెచ్చుకుంటుంది! నన్‌గా వేసిన జాయిస్ వాన్ ప్యాటెన్ ఆ ప్రేమని ఎక్కడా వెటకారం చెయ్యకుండా వేసింది, అందుకే అంత నవ్వొస్తుంది.

మొదటిసారి నేనూ నవ్వి వదిలేశా. రెండోసారి చూస్తుంటే సీన్ ఇంకోలా కనపడింది. నన్ ఏం చేసింది? కోటు చూసింది, మనిషెవరో తేల్చేసింది. నిజం చెప్పాక కూడా ఆ తేల్చినదాన్ని వదల్లేదు, "వేషం" అనే కొత్త కారణం తగిలించుకుంది. మా సబ్జెక్ట్ భాషలో చెప్తే, ఒకే ఒక్క ఫీచర్ మీద నడిచే మోడల్ అది. ఇన్‌పుట్ కోటు, అవుట్‌పుట్ బికారి. ఇక్కడ తప్పు అవుట్‌పుట్ వల్ల జరిగిన నష్టం ఒక గిన్నె స్ట్యూ. సరదా.

గలెస్కో ప్లాన్ మొత్తం నడిచేది కూడా సరిగ్గా అదే మోడల్ మీద. ఇన్‌పుట్ జైలు, అవుట్‌పుట్ కిడ్నాపర్. లోకం ఇలాగే లెక్కేస్తుందని అతనికి తెలుసు, అందుకే డెష్లర్‌ని ఎంచుకున్నాడు. ఇంకెవర్ని ఇరికించినా ఇన్ని సాక్ష్యాలు తయారు చేసుకోవాల్సి వచ్చేది. ఇక్కడ సగం పని పోలీసుల మనసులోనే ముందుగా అయిపోయి ఉంది. ఒకే తప్పు, ఒక చోట కామెడీ, ఇంకో చోట ఒక మనిషి ప్రాణం. రైటర్ ఎక్కడా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించడు. నాకైతే ఆ నన్ సీన్ లేకపోతే ఇది తట్టేదే కాదు.

డ్రైవింగ్ ఎగ్జామినర్ సీన్ కూడా అంతే. ల్యారీ స్టార్చ్ వేసిన వీక్లీ అనే ఆయన డెష్లర్‌కి డ్రైవింగ్ టెస్ట్ పెట్టినవాడు. మాట్లాడుతూ కొలంబో కార్లో ఎక్కుతాడు. కొలంబో రోడ్డు వదిలేసి ఈయన ముఖం చూసి కబుర్లు చెప్తుంటే, పాపం ఎగ్జామినర్‌కి పై ప్రాణాలు పైనే. చివరికి బతికుంటే చాలని దిగిపోతాడు. నవ్వులో నవ్వుగా మన చేతిలోకి ఒక ప్రశ్న వచ్చేస్తుంది: భారీ కిడ్నాప్ చేసి డబ్బుతో మాయమైపోదామనుకున్నవాడు, ముందు బుద్ధిగా వెళ్ళి లైసెన్స్ టెస్ట్ ఇస్తాడా? లైసెన్స్ కావాల్సింది ఉద్యోగం నిలబెట్టుకోవాలనుకునేవాడికి.

మన జంధ్యాల "చంటబ్బాయి"లో డిటెక్టివే జోకు, ఆయన్ని చూసి మనం నవ్వుతాం. కొలంబోలో కొలంబోని జోకు అనుకునేవాళ్ళే జోకు. రెండూ నాకిష్టమే, కానీ నవ్వు ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూడండి.

ఇక ఫేమస్ క్లైమాక్స్. అంతకుముందు ఒక చిన్న క్లూ చెప్పాలి, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. గలెస్కో రాంచ్‌లో భార్యకి మొదట ఒక ఫోటో తీస్తాడు, నచ్చదు, పారేస్తాడు, ఇంకోటి తీస్తాడు. ఆ పారేసిన ఫోటో కొలంబోకి దొరుకుతుంది. చూస్తే అందులో తప్పేం లేదు. ఆమె కనపడుతోంది, కట్టేసినట్టు తెలుస్తోంది, డబ్బులడగడానికి చాలు. కిడ్నాపర్‌కి కంపోజిషన్‌తో పనేంటి? రెండో ఫోటో తీసినవాడికి ఫోటో బాగా రావడం ముఖ్యం. అంటే హంతకుణ్ణి పట్టించేది అతని నిర్లక్ష్యం కాదు, అతని పనితనం.

చివర్లో కొలంబో ఆ ఫోటోని పెద్దది చేయించి గలెస్కోకి చూపిస్తాడు. అందులో గడియారం పది చూపిస్తోంది. రెండింటికి మీరెక్కడున్నారో తెలుసు సార్, పదింటికి ఎక్కడున్నారు? గలెస్కో చూసి, ఇది తిరగేసి ప్రింట్ వేశారు అంటాడు. ఇక్కడ మన లెక్క సింపుల్: గడియారాన్ని అద్దంలో చూస్తే కనపడే టైమ్, పన్నెండులోంచి అసలు టైమ్ తీసేస్తే వచ్చేది. రెండు తీసేస్తే పది. ఒరిజినల్ చూపించండి అంటే, అది పొరపాటున యాసిడ్‌లో పడి పాడైపోయిందంటాడు కొలంబో. గలెస్కోకి కంగారు. నెగెటివ్! నెగెటివ్ కెమెరాలోనే ఉండాలి! అని గబగబా అక్కడ షెల్ఫ్‌లో ఉన్న బోలెడు కెమెరాల్లోంచి ఒకటి తీస్తాడు. అంతే. కొలంబో అక్కడున్న పోలీసుల్ని ఒక్కొక్కర్నీ అడుగుతాడు, ఇతనేం చేశాడో నువ్వు చూశావా, నువ్వు చూశావా అని.

ఇక్కడ చాలామంది ఒక విషయం కలిపేస్తారు. "ఇది తిరగబడింది" అనడం నేరానికి సాక్ష్యం కాదు. డబ్బులడుగుతూ వచ్చిన ఫోటో గలెస్కో అందరి ముందే చూశాడు, గడియారం రెండని తెలియడంలో వింత లేదు. కెమెరా వేరు. ఆ ఫోటో తీసిన కెమెరా ఏదో, అన్నిటి మధ్యలో అదే అని, తీసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే దారి లేదు. కొలంబో అడగలేదు, చూపించలేదు, ఆ కెమెరా పేరే ఎత్తలేదు. సిస్టమ్‌లోకి ఆ సమాచారం ఇన్‌పుట్‌గా వెళ్ళలేదు, అయినా అవుట్‌పుట్‌లో వచ్చింది. అంటే ముందే లోపల ఉంది. ఇంకో తమాషా కూడా ఉంది. తిరగేసిన ఫోటోలోని పది గంటలే నిజానికి దగ్గర. గలెస్కో తన అబద్ధపు రెండు గంటల్ని కాపాడుకోడానికి నిజమైన నెగెటివ్‌ని సాక్ష్యంగా తీసి దొరికిపోయాడు.

అయితే కొలంబో చేసింది న్యాయమేనా? ఫోటో తిరగేయించాడు, ఒరిజినల్ పోయిందని అబద్ధం చెప్పాడు. మేం దీని మీద రాత్రి ఒంటిగంట దాకా వాదించుకున్నాం. అమెరికా సుప్రీం కోర్టు 1969లో ఫ్రేజియర్ కేసులో, పోలీసులు విచారణలో అబద్ధం చెప్పినంత మాత్రాన ఒప్పుకోలు చెల్లకుండా పోదంది. అక్కడిదాకా సరే. కానీ మాటతో అబద్ధం చెప్పడం వేరు, దొంగ సాక్ష్యం తయారు చేసి ముందు పెట్టడం వేరు అని మా వాడొకడి వాదన. నా ఓటు కొలంబోకే, కాకపోతే పూర్తిగా కాదు. ఇదే ట్రిక్కు భయంతో ఉన్న డెష్లర్ లాంటివాడి మీద వాడితే ఏమయ్యేది? లాయర్ లేనివాడు, జైలంటే తెలిసినవాడు, చెయ్యని తప్పు కూడా ఒప్పుకునేవాడేమో. కొలంబో ట్రిక్కులు నాకు నచ్చడానికి ఒక కారణం, అవి ఎప్పుడూ పైకే వెళ్తాయి. కింద ఉన్నవాళ్ళ దగ్గర అతను ట్రిక్కులు వెయ్యడు. డోలన్ దగ్గర కూర్చుని అడుగుతాడు, నన్ పెట్టింది తింటాడు. తాగుబోతు మాట ఏం లెక్క అని వదిలేసి ఉంటే కేసులో ఆ గ్యాప్ గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు.

మీరు గనక రెండోసారి చూస్తే డెష్లర్‌ని చూడండి. డాన్ గోర్డన్ వేశాడు, సీన్లు తక్కువే. హత్య, ట్రిక్కు, కామెడీ మధ్యలో అతను మన కంటికి ఆనడు, నాకూ మొదటిసారి ఆనలేదు. ఆ యార్డుకి అతను భయపడుతూ రాలేదు. జైలు నుంచి వచ్చాక తనని నమ్మి పని ఇచ్చిన పెద్దమనిషి పిలిచాడని వచ్చాడు.