నలుగురిలోకి పిల్లలను తీసుకెళ్లేటప్పుడు

"మావాణ్ని బయటికి తీస్కపోవాలంటేనే భయమైతంది సార్. ఇంట్ల మంచిగనే ఉంటడు. నలుగురిలకు పోంగనే మమ్ముల నవ్వులపాలు చేస్తడు."

హసన్‌పర్తిలో తల్లిదండ్రుల నోట ఈ మాట ఈమధ్య తరచూ వింటున్నాను. వారమంతా వాళ్లకు డ్యూటీలు, పిల్లలకు బడి, ట్యూషన్లు. ఆదివారం నాడైనా కలిసి కాసేపు తిరుగుదామని, కలిసి తిందామని బయల్దేరుతారు. వెళ్లాక పిల్లవాడు పరుగు పందెంలో మధ్యలోనే ఆగిపోతాడు. పాటల కార్యక్రమంలో చెవులు మూసుకుని ఏడుస్తాడు. హోటల్లో ఫోన్ ఇస్తే తప్ప ముద్ద మింగడు. ఖర్చు పెట్టి, ఉన్న ఒక్క సెలవు నాడు తీసుకెళ్తే ఇంతేనా అనిపిస్తుంది. అది కోపం కంటే బాధ ఎక్కువ. ప్రేమ ఉన్న చోటే ఆ బాధ పుడుతుంది కాబట్టి, ముందుగా ఒక మాట: మీ పెంపకం ఎక్కడా చెడిపోలేదు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది.

అయితే నెమ్మదిగా ఒప్పుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. బయటికి వెళ్లినప్పుడు మనం పిల్లల్ని చూడటం తగ్గిపోతుంది. వాళ్లను చూస్తున్న నలుగురినీ చూడటం మొదలవుతుంది.

మన చిన్నప్పుడు ఈ ఇబ్బంది ఇంత లేదు. హోలీ వేళకు ఎర్రగట్టు గుట్ట దగ్గర వేంకటేశ్వరస్వామి జాతరకు వెళ్తే, ఆ జనంలో మన ఏడుపు ఎవరికి పట్టేది? ఒకరు బొమ్మ కోసం, ఒకరు రంగులరాట్నం కోసం రాగం తీస్తూనే ఉండేవాళ్లు. ఇప్పుడు ఊరు గ్రేటర్ వరంగల్‌లో కలిసింది. కరీంనగర్ రోడ్డు పొడుగునా కాలేజీలు, హోటళ్లు వచ్చాయి. ఏసీ గదిలో పక్క టేబుల్‌కూ మనకూ మధ్య మూడడుగుల దూరం. అక్కడ గ్లాసు కింద పడితే పదిమంది తలలు తిరుగుతాయి. పిల్లవాడు మారలేదు, వాణ్ని మనం కూర్చోబెట్టే చోటు మారింది.

పరుగు పందెం సంగతి చూద్దాం. బడిలో స్పోర్ట్స్ డే కావచ్చు, హన్మకొండలో పొద్దున్నే జరిగే రెండు కిలోమీటర్ల సరదా పరుగు కావచ్చు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు శక్తిని దాచుకుంటూ పరుగెత్తడం తెలియదు. విజిల్ వినపడగానే ఉన్న బలమంతా పెట్టి ఉరుకుతారు, కాసేపటికే ఆయాసపడి నిలబడిపోతారు. అది బద్ధకం కాదు, భయమూ కాదు. ఆ వయసు అంతే. ఆ నిలబడిన క్షణంలో వాడు ఎటు చూస్తాడో గమనించారా? ముందు పోతున్నవాళ్ల వైపు కాదు, మన వైపు. మన ముఖంలో ఏం కనపడితే పందెం వాడికి అదే అవుతుంది. మనం పక్కనున్న వాళ్లను చూసి సిగ్గుపడుతూ "ఉరుకు, ఉరుకు" అని అరిస్తే, తన కాళ్లు తన అమ్మకు తలవంపులు తెచ్చాయని వాడికి అర్థమవుతుంది. వచ్చే ఏడు కడుపు నొప్పి అంటాడు. ఆ నొప్పి అబద్ధమనుకోకండి, దిగులుకు చిన్నపిల్లల్లో కడుపు నిజంగానే నొస్తుంది.

ఇక్కడ మన ఉమ్మడి వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజిని తలుచుకోవాలి. పర్వతగిరి మండలం కల్లెడ. కూలి పనులు చేసుకునే తల్లిదండ్రులు. మేధో వైకల్యంతో పుట్టిన బిడ్డ. ఊళ్లో కొందరు గేలి చేశారు, అనాథాశ్రమంలో వదిలేయమన్నవాళ్లూ ఉన్నారు. ఆ అమ్మాయి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు సృష్టించింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం.

నాకు మాత్రం ఆ పతకాల కంటే వాళ్లమ్మ చెప్పిన ఒక సంగతి ఎక్కువ గుర్తుంటుంది. పిల్లలు వెక్కిరించారని బిడ్డ ఏడుస్తూ ఇంటికొస్తే, తీపి అన్నం వండిపెట్టేదట. ఎప్పుడన్నా కోడికూర. దాంతో బిడ్డ కుదుటపడేదట. ఆ రోజుల్లో ఆ తల్లికి పారిస్ సంగతి తెలియదు. పతకం వస్తుందని వండలేదు. ఊరంతా ఒక మాట అంటున్నప్పుడు ఆ మాటను గడప దాటి లోపలికి రానివ్వలేదు. మనలో చాలామంది దీప్తి పేరు చెప్పి "చూడు, ఆమె ఎంత కష్టపడ్డదో" అని పిల్లల్ని ఉరికిస్తున్నాం. మనకు కావాల్సిన పాఠం ఆ అమ్మాయి కంటే ఆ తల్లి దగ్గర ఎక్కువుంది.

కాబట్టి పరుగుకు తీసుకెళ్తే వీలైనంత వరకు మీరూ పక్కన పరుగెత్తండి, లేదా నడవండి. వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఒకటి రెండు ఆదివారాలు పొద్దున్నే కలిసి నడిస్తే పిల్లలకు దూరం అలవాటవుతుంది. మార్చి దాటితే మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే, తెల్లవారుజామునే ముగించాలి. పందెం అయ్యాక "ఎన్నో నంబర్ వచ్చినవ్?" అని ముందే అడగకండి. నీళ్లు తాగనివ్వండి. ఎక్కడ మజా అనిపించింది, ఎక్కడ కష్టమైంది అని తర్వాత అడగవచ్చు. నంబర్ గొప్పగా వస్తే వాడే చెప్తాడు. రాకపోతే, చెప్పకుండా ఉండే హక్కు వాడికి ఉండనిద్దాం.

ఇక పాటల కార్యక్రమాలు. డీజే బాక్సుల ముందు చెవులు మూసుకునే పిల్లను "పిరికిది" అంటాం, బాబాయిలూ మామయ్యలూ నవ్వుతారు. నిజానికి ఆ పిల్ల చేస్తున్నది తెలివైన పని. పిల్లల చెవులకు 75 డెసిబెల్స్ మోత వారానికి 40 గంటల వరకు పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి మూడు డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమైపోతుంది. 78కి 20 గంటలు, 81కి పది. అలా సగం సగం చేసుకుంటూ పోతే, 100 డెసిబెల్స్ దగ్గరకు వచ్చేసరికి వారం మొత్తానికీ పది నిమిషాలు కూడా మిగలవు. పెళ్లి ఊరేగింపుల్లో, గణేశ్ నిమజ్జనంలో బాక్సుల పక్కన అంత మోత మామూలే. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. బాక్సులకు దూరంగా, పక్కకు కూర్చోండి. మధ్యమధ్యలో బయటికి తీసుకెళ్లండి. చంటిపిల్లలుంటే అసలు దగ్గరికే వెళ్లకండి. రాత్రి పది దాటాక బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచీ నిబంధన ఉంది. పదింటికి మనం లేచి వస్తే ఎవరినీ అవమానించినట్టు కాదు.

స్టేజీ ఎక్కి డాన్స్ చేయమనడం ఇంకో బాధ. ఇంట్లో అద్దం ముందు ఎగిరే పిల్ల అందరి ముందు బిగుసుకుపోతుంది. ఇంట్లో ఆమె తన కోసం ఆడింది. ఇక్కడ మన కోసం ఆడమంటున్నాం. ఆ తేడా ఆమెకు తెలుసు, చెప్పడానికి మాటలు రావు. సిగ్గరి పిల్లలు కొంతకాలం అంచున నిలబడి చూస్తారు. అలా చూడటం కూడా పాల్గొనడమే.

అందుకే మన బతుకమ్మ అంటే నాకు అంత గౌరవం. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర కావచ్చు, సద్దుల నాడు మన చెరువు దగ్గర కావచ్చు. అక్కడ స్టేజీ ఉండదు, మార్కులేసేవాళ్లు ఉండరు. చప్పట్లు తాళానికి పడని పిల్ల కూడా అమ్మ కొంగు పట్టుకుని ఆ వరుసలో తిరుగుతుంది. అలిసిపోతే పక్కకు తప్పుకుంటుంది, మళ్లీ వచ్చి చేరుతుంది. అవ్వ పాడిన చరణం పదిసార్లు వింటుంది, పదకొండోసారి తనూ అందుకుంటుంది. ఎవరూ "ఏదీ, పాడు" అని అడగరు. ఎన్ని తరాల ఆడపిల్లలు భయం లేకుండా నలుగురిలో గొంతు విప్పడం ఇలా నేర్చుకున్నారో! ఈమధ్య బతుకమ్మ దగ్గర కూడా డీజే పెట్టి, పిల్లల్ని రీల్స్ కోసం వరుసగా నిలబెడుతున్నారు. అది చూస్తే నాకు నిజంగా మనసు చివుక్కుమంటుంది. మీ వాడకట్టులోనైనా ఒక్క గంట నోటితో పాడే బతుకమ్మను పిల్లలకు మిగల్చండి.

హోటల్ దగ్గర ఎక్కువమంది తల్లిదండ్రులు ఓడిపోయినట్టు కూర్చుంటారు. ఆర్డర్ ఇచ్చాక బిర్యానీ వచ్చేసరికి అరగంట. నాలుగేళ్ల పిల్లవాడికి ఆకలి మీద అరగంట చాలా పొద్దు. కాళ్లు ఆడిస్తాడు, చెంచాతో టేబుల్ కొడతాడు. పక్కవాళ్లు చూస్తారు. మనం ఫోన్ తీసి నీళ్ల సీసాకు ఆనించి పెడతాం. నిశ్శబ్దం. చేదుగా ఉన్నా ఒక మాట చెప్పాలి: ఆ ఫోన్ వాడి కోసం పెట్టింది కాదు, మన పరువు కోసం పెట్టింది. ఎప్పుడో ఒకసారి పెడితే కొంపలేమీ మునగవు, దాని గురించి రాత్రంతా బాధపడకండి. కానీ ప్రతిసారీ పెడితే, ఎదురుచూడటం, పెద్దవాళ్ల మాటలు వినడం, తన వంతు వచ్చినప్పుడు మాట్లాడటం వాడు ఎక్కడ నేర్చుకుంటాడు? ఇంట్లో గిన్నెలు వేరువేరు వేళల్లో ఖాళీ అవుతున్న ఈ రోజుల్లో, అందరం ఒకే టేబుల్ చుట్టూ కూర్చునేది ఆ గంటే.

హోటల్‌కు సాయంత్రం ఏడింటికే వెళ్లండి, రద్దీ ఉండదు. ఇంట్లో కాస్త ఏదైనా తినిపించి తీసుకెళ్లండి. వాడికి కావాల్సింది సర్వర్ అన్నకు వాణ్నే చెప్పనివ్వండి. తడబడతాడు, చెప్పనివ్వండి. కొత్త వంటకం వద్దంటే బతిమాలకండి, బెదిరించకండి. కొత్త రుచి ఒంటబట్టడానికి పిల్లలకు పది పదిహేను సార్లు ఎదురుపడాలి, ఒక్క రాత్రిలో మందీ బిర్యానీ నచ్చితీరాలని లేదు. పెరుగన్నం తిని వచ్చినా అది మంచి విందే. డబ్బు కుదరని నెలలో బండి దగ్గర మిర్చీ బజ్జీ తిన్నా పిల్లలకు లోటుండదు. లోటల్లా మనం పక్కింటివాళ్ల స్టేటస్ చూసి పెట్టుకున్నదే.

నీళ్లు ఒలికినప్పుడు ఏం చేస్తామన్నదే అసలు పరీక్ష. మన చెయ్యి లేవబోతుంది. ఒక్కసారి ఆలోచించండి, ఇంట్లో అదే గ్లాసు ఒలికితే కొడతామా? గుడ్డ తెచ్చి తుడుస్తాం. అంటే ఆ దెబ్బ నీళ్లకు కాదు, చూస్తున్న కళ్లకు. ఆ సంగతి పిల్లవాడికి తెలియదు. నలుగురిలో ఉన్నప్పుడు అమ్మానాన్న తన వైపు ఉండరన్న సంగతి ఒక్కటే వాడిలో నిలిచిపోతుంది. రేపు పదిహేనేళ్లకు బయట ఏదైనా తప్పు జరిగితే, ముందు మన దగ్గరికి రావాలా వద్దా అని తేల్చుకునేది ఈ జ్ఞాపకాలను బట్టే.

ఆ పదిహేనేళ్లవాళ్లు అసలు మనతో రామంటారు. "మీరు పోండి, నేను ఫ్రెండ్స్‌తో పోత." గుండె కలుక్కుమంటుంది, నిజమే. అయినా ఇది మనల్ని వదిలేయడం కాదు, ఎదగడం. ఎవరితో, ఎక్కడికి, ఎన్నింటికి తిరిగి రావడం — ఈ మూడూ తేల్చుకుని పంపండి. ఒక్క విషయంలో మాత్రం మెత్తబడవద్దు. లైసెన్సు లేకుండా బండి ఇవ్వకండి. కరీంనగర్ రోడ్డు మీద లారీల వేగం మీకు తెలుసు. 2019 సవరణ తర్వాత మైనర్ బండి నడిపితే, ప్రమాదం జరగకపోయినా, తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా పడే చట్టం ఉంది. చట్టం లేకపోయినా బిడ్డ మనది.

కొందరు పిల్లలు ఎంత నెమ్మదిగా అలవాటు చేసినా ప్రతి గుంపులోనూ తట్టుకోలేక విలవిల్లాడతారు. పిలిస్తే చూడరు, మాటలు ఆలస్యంగా వస్తాయి, చిన్న చప్పుడుకే ఒళ్లంతా బిగుస్తుంది. అలాంటప్పుడు "పెద్దయితే అదే పోతది" అని ఆగకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. అంగన్‌వాడీలకు, సర్కారు బళ్లకు వచ్చే బాల స్వాస్థ్య బృందాలు కూడా ఉచితంగా పరీక్షిస్తాయి. చూపించడం పిల్లల మీద ముద్ర వేయడం కాదు, సాయం త్వరగా అందించడం.

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే బయల్దేరే ముందే పెద్దవాళ్లు రెండు మాటలు అనుకోండి. ఎవరి పిల్లల్నీ ఎవరితోనూ పోల్చవద్దు. ఎవరి పిల్లవాడు విసిగినా, పెద్దవాళ్లలో ఒకరు వంతులవారీగా వాణ్ని కాసేపు బయట తిప్పుకురావాలి. అక్కడికి వెళ్లాక ఈ మాట ఎత్తడం ఎవరికైనా ఇబ్బందే, అందుకని ఇంటి దగ్గరే, ఆటో ఎక్కకముందే అనేసుకోండి.