స్పితికి బండి కట్టే ముందు

సందేహాలు – సమాధానాలు

తారురోడ్డు మీదా, రాళ్లదారిలోనూ నడిచే డ్యూయల్ స్పోర్ట్ బైకుల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ గురించే. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా కాజా చేరి, కుంజుమ్ కనుమ దాటి బాతల్, గ్రాంఫుల మీదుగా మనాలీలో దిగే దారి అది. చివరి భాగంలో వాగులు, గుండ్రాళ్లు, బురద తప్పవు. అందుకే జవాబులన్నీ ఆ దారిని దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాం.

సెప్టెంబరులో నలుగురు మిత్రులం స్పితి వెళ్తున్నాం. నా దగ్గర 350 సీసీ బండి ఉంది. హిమాలయన్ 450 కొనమని ఒకరు, ఎక్స్‌పల్స్ 200 చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది?
– పాఠకుడు, హైదరాబాద్

హైదరాబాద్ నుంచి బండి మీదే వెళ్తారా, రైల్లో వేసి పంపిస్తారా అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. జాతీయ రహదారి మీద రోజుల తరబడి నడపాలంటే 450 హాయిగా ఉంటుంది. అంబాలాకో చండీగఢ్‌కో పార్సిల్ చేస్తే 200 చాలు. రైల్లో వేసేటప్పుడు ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేయించాలి. ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు దగ్గర ఉంచుకోండి.

హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. ఎక్స్‌పల్స్ 200 4వీ 160 కిలోల లోపే. రోడ్డు మీద ఈ తేడా తెలియదు. బాతల్ దగ్గర గుండ్రాళ్ల మధ్య బండి మూడోసారి పడిపోయి, గాలి చాలక రొప్పుతూ లేపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. రెండింటికీ ముందు చక్రం 21 అంగుళాలు. అందుకే రాయి తగిలితే ఆగిపోకుండా దాని మీదుగా దొర్లిపోతాయి. నేలకూ ఇంజన్‌కూ మధ్య ఎత్తు ఎక్స్‌పల్స్‌కు 220, హిమాలయన్‌కు 230 మిల్లీమీటర్లు. మామూలు 350 సీసీ బళ్లకు ఇది 170 దగ్గరే ఆగుతుంది. మీ బండితో స్పితి వెళ్లలేరని కాదు. అలాంటి బళ్ల మీద సామాన్యులు వెళ్లివస్తూనే ఉన్నారు. అయితే రాయి రాయికీ ఇంజన్ అడుగు తగులుతుంది. కింద మందపాటి బ్యాష్ ప్లేటు లేకుండా మాత్రం బయల్దేరకండి.

కొత్త బండి కొంటే కనీసం మొదటి సర్వీసు అయ్యేదాకా మన ఊళ్లోనే నడపండి. షోరూమ్ నుంచి నేరుగా కనుమ ఎక్కించడం మంచిది కాదు.

మాది మైదాన ప్రాంతం. కొండలు లేవు. రాళ్లదారిలో నడపడం ఎక్కడ, ఎలా నేర్చుకోవాలి?
– పాఠకుడు, గుంటూరు

దీనికి కొండలు అక్కర్లేదు. ఎండిపోయిన చెరువు గర్భం, వాగు ఒడ్డున ఇసుక, వాన పడ్డాక పొలాలకు వెళ్లే ట్రాక్టరు బాట చాలు. పంట లేని చోట, ఆ భూమి వాళ్లను అడిగి నడపండి.

మొదట నేర్చుకోవాల్సింది నిలబడి నడపడం. పాదం ముందు భాగం ఫుట్‌పెగ్ మీద ఉండాలి. మోకాళ్లు ట్యాంకును పట్టుకోవాలి, మోచేతులు బయటికి తెరుచుకోవాలి, చూపు ముందుండాలి. హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకోకూడదు. ముందు చక్రం ఇసుకలో అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వాలి. దాన్ని బలవంతంగా నిలబెట్టబోతేనే పడిపోతారు.

రెండోది నిదానం. నడక వేగంతో, క్లచ్ సగం వదిలి, కాలు నేలకు తాకకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిరగండి. వేగంగా పోవడం ఎవరికైనా వస్తుంది. వాగు ఒడ్డున బండిని ఆపకుండా నిదానంగా కదిలించగలగడమే అక్కడ పనికొచ్చే విద్య.

మూడోది బ్రేకు. గులక మీద ముందు బ్రేకును ఒక వేలితో మెల్లగా నొక్కండి. వెనక ఏబీఎస్ ఆపే వీలు మీ బండికి ఉంటే ఆపి, చక్రం జారితే ఎలా ఉంటుందో తెలుసుకోండి. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ వేయడం మరవొద్దు.

నాలుగోది పడిన బండిని లేపడం. ఇంజన్ ఆపి, గేరులో ఉంచి, హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పండి. సీటుకు వీపు ఆనించి, నడుముతో కాకుండా తొడల బలంతో వెనక్కి నడుస్తూ లేపండి. బండి కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండు తీసి ఉంచండి, లేకపోతే లేచిన బండి అటువైపు ఒరిగిపోతుంది. సామాను కట్టిన బండిని మీరొక్కరే రెండుసార్లు లేపగలిగితేనే ఆ బరువుతో వెళ్లండి. లేపలేకపోతే బరువు తగ్గించండి.

ఘాట్ మలుపుల అలవాటు కావాలంటే మారేడుమిల్లి–చింతూరు దారి, పాడేరు వైపు దారులు ఉన్నాయి. అక్కడ తారురోడ్డు దిగొద్దు. నల్లమల అడవిలోని టైగర్ రిజర్వుల్లో అనుమతి లేకుండా అడవి బాటలు పట్టడం నేరం. మన్ననూరు వైపు నుంచి శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలే ఉండవు.

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఈ బళ్ల సీటు ఎత్తు చూస్తేనే భయమేస్తోంది. బండి ఎత్తు తగ్గించుకోవచ్చా?
– పాఠకురాలు, విజయవాడ

రెండు బళ్లకూ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. మీ రెండు కాళ్లూ నేలకు ఆనకపోవచ్చు. నిజానికి ఆనాల్సిన పనీ లేదు. సీటు మీద కొంచెం పక్కకు జరిగి, ఒక పాదం పూర్తిగా మోపి, రెండో పాదం బ్రేకు మీద ఉంచి ఆపడం నేర్చుకోండి. ఆపేముందు నేల ఎటువైపు ఎత్తుగా ఉందో చూసి, ఆ కాలే దింపాలి.

సస్పెన్షన్ లింకు మార్చి బండిని కిందికి దించే పద్ధతి ఉంది కానీ, అలా చేస్తే ఏ ఎత్తు కోసం ఈ బండి కొన్నారో అదే పోగొట్టుకుంటారు. దానికి బదులు సీటులో ఫోమ్ కొంత చెక్కించి, అంచులు సన్నగా చేయించండి. మందపాటి అడుగు ఉన్న బూట్లు కూడా కొంత కలిసివస్తాయి.

టైర్లలో గాలి ఎంత ఉండాలి? రాళ్లదారిలో తగ్గించాలని ఒకరు, తగ్గిస్తే పంచర్లు పడతాయని ఇంకొకరు అంటున్నారు.
– పాఠకుడు, కరీంనగర్

ఇద్దరి మాటా నిజమే. గాలి తగ్గితే టైరు నేలను వెడల్పుగా పట్టుకుంటుంది, ఇసుకలో, గులకలో జారదు. మరీ తగ్గితే రాయి తగిలినప్పుడు ట్యూబు టైరుకూ రిమ్‌కూ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబు టైర్లతో గుండ్రాళ్ల మీద 22 నుంచి 25 పీఎస్ఐ మధ్య ఉంచితే క్షేమం. ఇసుక ఎక్కువగా ఉన్న చోట 20 దాకా తగ్గించవచ్చు, అయితే వేగం కూడా తగ్గించాలి. తారురోడ్డు రాగానే కంపెనీ చెప్పిన లెక్కకు మళ్లీ నింపండి. అందుకు చిన్న పంపు, గాలి కొలిచే గేజి మీ సంచిలో ఉండాలి.

అసలు ప్రశ్న మీరు అడగలేదు. వెనక చక్రం విప్పి, ట్యూబు మార్చి, మళ్లీ బిగించడం మీకు వచ్చా? కుంజుమ్‌కు ముందు వచ్చే లోసర్ ఊరు దాటాక పంచర్ షాపు ఉండదు. బయల్దేరే ముందు మీ వీధిలో పంచర్లు వేసే మేస్త్రీ దగ్గర కూర్చుని, మీ బండి చక్రాలు రెండూ మీ చేతులతోనే విప్పి బిగించండి. కొత్త ట్యూబుకు లివర్‌తో చిల్లు పొడవడం అందరూ చేసే తప్పే. అది ఇంటి దగ్గరే జరిగిపోవడం మంచిది. మోసుకెళ్లడానికి ఒకే ట్యూబుకు చోటుంటే 21 అంగుళాలది తీసుకోండి. తప్పనిసరైతే దాన్ని వెనక చక్రంలో కూడా ఇరికించి ఊరు చేరవచ్చు.

వాగులు దాటేటప్పుడు సైలెన్సర్‌లోకి నీళ్లు వెళ్తే ఇంజన్ పాడవుతుందా?
– పాఠకుడు, శ్రీకాకుళం

సైలెన్సర్ గురించి కంగారు వద్దు. ఇంజన్ నడుస్తున్నంతసేపు పొగే నీటిని బయటికి నెడుతుంది. ప్రమాదమంతా గాలి లోపలికి పీల్చుకునే దారితోనే. మీ బండి ఎయిర్ ఫిల్టర్ మూతి ఎక్కడుందో చూసి పెట్టుకోండి. నీళ్లు అంత ఎత్తుకు వచ్చే వాగులో బండి దించకూడదు.

స్పితి దారిలో వాగులు మంచు కరిగి వచ్చేవి. తెల్లవారుజామున మడమ లోతున్న నీరు ఎండెక్కాక మోకాలి లోతవుతుంది. అందుకని కాజా లేదా లోసర్‌లో పడుకుని, పొద్దున్నే కుంజుమ్ దాటి, మధ్యాహ్నానికి ముందే పెద్ద వాగులు దాటేయాలి. గ్రాంఫు–బాతల్ మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లే. అయినా పూటంతా పట్టినా ఆశ్చర్యపోవద్దు.

దాటే ముందు కాళ్లతో నడిచి చూడండి. నీరు మోకాలు దాటినా, నిలబడలేనంతగా లాగుతున్నా ఆగిపోండి. నురగ కనిపిస్తే కింద రాళ్లున్నట్టు, నున్నగా ఉంటే లోతున్నట్టు. దాటేటప్పుడు మొదటి గేరులో, యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టి, అవతలి ఒడ్డు చూస్తూ వెళ్లండి. మధ్యలో యాక్సిలరేటర్ వదలొద్దు. దిగి బండిని తోయాల్సి వస్తే నీరు వచ్చే వైపు మీరుండాలి. కొట్టుకుపోయే బండి మీ మీద పడకూడదు కదా.

బండి నీళ్లలో పడితే వెంటనే ఇంజన్ ఆపండి. సెల్ఫ్ కొట్టొద్దు. లోపల నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒడ్డుకు చేర్చి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ విప్పి, ప్లగ్ లేకుండా ఇంజన్ తిప్పి నీరు పోగొట్టాకే స్టార్ట్ చేయండి. ఇంజన్ ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తే అది మార్చేదాకా నడపకూడదు.

నాకు 48 ఏళ్లు. ఎత్తైన చోట్ల ఊపిరి ఆడదంటారు. మనిషికీ, బండికీ ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

కుంజుమ్ కనుమ 4,500 మీటర్లకు పైనే ఉంటుంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే పదింట ఆరు వంతులకు మించి ఉండదు. ఇంజన్ శక్తి కూడా దాదాపు ఆ మేరకే తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి పెట్రోలును సర్దుకుంటుందే తప్ప లేని గాలిని తేలేదు. కాబట్టి ఎక్కుడులో చిన్న గేరు, సామాను తక్కువ.

మనిషికి మందు కన్నా ముఖ్యం తీరిగ్గా ఎక్కడం. మనాలీ నుంచి ఒక్కరోజులో కాజా చేరే పద్ధతి మానండి. సిమ్లా వైపు నుంచి వెళ్తే ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. 3,000 మీటర్లు దాటాక రోజుకు పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోండి. మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి తీసుకోండి. తలనొప్పితో పాటు వికారం, తూలు కనిపిస్తే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకపోతే కిందికి దిగడమే వైద్యం. ఆ స్థితిలో బండి నడపకూడదు, మద్యం ముట్టకూడదు. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేందుకు వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది బయల్దేరే ముందే మీ డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. బీపీ, గుండె జబ్బులు ఉన్నవాళ్లు పరీక్షలు చేయించుకున్నాకే టికెట్ కొనాలి.

ఏ సామాను తీసుకెళ్లాలి? ఇనుప పెట్టెలు మంచివా, గుడ్డ సంచులా?
– పాఠకుడు, తిరుపతి

రాళ్లదారికి గుడ్డ సంచులే. బండి పడినప్పుడు కాలు గట్టి పెట్టె కింద చిక్కుకుంటే ఎముక విరుగుతుంది. బరువైనవి కిందా, ముందుకూ కట్టండి. సీటు వెనక గోపురంలా పేర్చొద్దు.

పనిముట్లలో ట్యూబులు, లివర్లు, ప్యాచ్ కిట్, పంపు ముందుండాలి. తర్వాత క్లచ్, బ్రేకు లివర్లు ఒక్కొక్కటి, క్లచ్ వైరు, చైన్ లింకు, ఫ్యూజులు, మీ బండి నట్లకు సరిపోయే స్పానర్లు. ఎం-సీల్, జిప్ టైలు, బైండింగ్ వైరు, టేపు ఉంటే సగం మరమ్మతులు అయిపోతాయి. హ్యాండిల్ లివర్ల బిగింపును కాస్త వదులు చేయండి. పడినప్పుడు విరగకుండా పక్కకు తిరుగుతాయి.

ఒంటి మీద వేసుకునేవాటిలో హెల్మెట్ తర్వాత డబ్బు పెట్టాల్సింది బూట్లకే. మామూలు షూ చీలమండను కాపాడవు. పెట్రోలు కాజాలో దొరుకుతుంది. మనాలీ వైపు అటు తర్వాత దాదాపు 200 కిలోమీటర్లు బంకు ఉండదు. ట్యాంకు నింపుకోండి.

నేను అమెరికా నుంచి వచ్చి మిత్రులతో కలుస్తాను. అక్కడ వాడే శాటిలైట్ మెసెంజర్ తేవచ్చా?
– పాఠకుడు, డల్లాస్

తేవద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులున్నారు. ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకోండి, ఏ రోజు ఎక్కడ పడుకుంటారో ఇంట్లో రాసిచ్చి రండి. మీది అమెరికా పాస్‌పోర్టు అయితే కిన్నౌర్–స్పితి సరిహద్దు ప్రాంతానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. భారతీయులకు అక్కర్లేదు.

మిత్రులు చివరి నిమిషంలో మానుకున్నారు. ఒక్కణ్నే వెళ్లనా?
– పాఠకుడు, వరంగల్

కాజా దాకా వెళ్లండి. కిన్నౌర్ దారిలో ఊళ్లున్నాయి, బస్సులు తిరుగుతాయి. కుంజుమ్ మాత్రం ఒంటరిగా దాటొద్దు. కాజాలో ఒకటి రెండు రోజులు ఆగితే అటు వెళ్లే బళ్లు కనిపిస్తాయి, వాళ్లతో కలవండి. ఎవరూ దొరక్కపోయినా, వాన పడ్డా, ఒంట్లో బాగోలేకపోయినా వచ్చిన దారినే సిమ్లాకు తిరిగి రండి. అలా తిరిగొస్తే యాత్ర సగంలో ఆగినట్టు కాదు. సెలవుల్లో రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. తొందర లేనివాడికి ఆ దారిలో సగం ప్రమాదాలు తప్పుతాయి.