వెల్డింగా, ఫ్యాబ్రికేషనా, కమ్మరమా? దరఖాస్తులో మీ పని పేరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇనుముతో ఏం చేసినా "వెల్డింగ్ షాపాయన" అనేస్తాం. మాటల్లో పర్లేదు. దరఖాస్తులో అలా రాస్తే చిక్కు.

వెల్డర్ పని అతుకు. రెండు ముక్కల అంచులు కరిగించి కలుపుతారు. ఫ్యాబ్రికేటర్ పని ముందే మొదలవుతుంది. కుప్పంలో పట్టుపురుగుల షెడ్డుకు స్టాండ్లు కావాలంటే కొలతలు తీసి, యాంగిల్ ఎంత పడుతుందో లెక్కేసి, కోసి, మూలమట్టం చూసి నిలబెట్టేది ఆయనే. వెల్డింగ్ అందులో ఒక భాగం. లేత్ మీద షాఫ్టు చెక్కేవారు టర్నర్. కమ్మరిది వేరే దారి: కొలిమిలో ఇనుము ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగదీసి కొడవలి, గొడ్డలి చేస్తారు.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉంది, తాళాల తయారీ ఉంది. వెల్డర్, ఫ్యాబ్రికేటర్ లేవు. కమ్మరికి శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000 వరకు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు రుణం వస్తాయి. గేట్లు, గ్రిల్స్ చేసేవారు ఆశపడి "కమ్మరి" అని పెడితే పంచాయతీ, మున్సిపాలిటీ తనిఖీలో ఆగిపోవచ్చు. కొలిమి లేని కమ్మరిని ఎవరు నమ్ముతారు?

మీరు కొత్తగా ఫ్యాబ్రికేషన్ షాపు పెడుతుంటే పీఎంఈజీపీ చూడండి. పల్లెల్లో సబ్సిడీ 25 నుంచి 35 శాతం. షాపు ఇప్పటికే నడుస్తుంటే అది రాదు, బ్యాంకులో ముద్ర రుణం అడగండి.

కొలిమి, వెల్డింగ్ రెండూ ఉన్నాయా? కొలిమి పని నిజంగా చేస్తుంటేనే విశ్వకర్మకు వెళ్లండి. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. సీఎస్‌సీలో రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బు అడిగితే ఇవ్వకండి.