ఆ దెబ్బ తర్వాత ఏమైందని అడగండి

మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే తంజిరో, రాక్ లీ, ఇప్పో అన్న పేర్లు ఈపాటికి మీ చెవిన పడే ఉంటాయి. పిల్లలు యానిమే అని పిలుచుకునే జపాన్ యానిమేషన్ ఇప్పుడు మన హాల్లో కూర్చుని తెలుగే మాట్లాడుతోంది. 2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చింది. అదే నెల 25న పవన్ కల్యాణ్ ‘ఓజీ’ విడుదలైంది. అక్కడా ఇక్కడా హీరో చేతిలో ఉన్నది జపాన్ కత్తి కటానాయే. ఇక జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో చీపురు కర్రలకూ, ప్లాస్టిక్ స్కేళ్లకూ కత్తుల హోదా వచ్చిందంటే పిల్లల తప్పేమీ లేదు.

ఇలాంటప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు భయపడి టీవీ కట్టేస్తారు. ఇంకొందరు ముచ్చటపడి మర్నాడే దగ్గర్లోని కరాటే క్లాసులో ఫీజు కట్టేస్తారు. ఈ రెండింటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. పిల్లల పక్కన కూర్చుని ఒక ఫైటు చూడండి. అయ్యాక, ‘ఆ దెబ్బ తర్వాత ఏమైంది?’ అని అడగండి. యుద్ధవిద్యను నిజాయితీగా చూపించే కథ దెబ్బ తగలడంతో ఆగిపోదు. నొప్పి, వాపు, విశ్రాంతి, భయం, మళ్లీ మొదటి నుంచి సాధన... ఇవన్నీ చూపిస్తుంది. నిజాయితీ లేని కథ దెబ్బ కొట్టించి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతుంది. ఈ తేడా పట్టుకోవడం వస్తే చాలు, ఏది చూడొచ్చో ఏది అక్కర్లేదో చాలావరకు పిల్లలే చెప్పగలుగుతారు.

నిజానికి దగ్గరగా ఉన్న కథలు

‘హజిమే నో ఇప్పో’ సంగతే తీసుకోండి. జార్జ్ మొరికవా 1989లో మొదలుపెట్టిన బొమ్మల కథ ఇది. 2000లో యానిమేగా వచ్చింది. మొరికవాకు సొంతంగా బాక్సింగ్ జిమ్ ఉంది, అందుకే ఆ రింగులో కాలు ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. ఇప్పో భయస్తుడైన కుర్రాడు. అమ్మతో కలిసి చేపల పడవ నడుపుతాడు. తోటి పిల్లలు వాణ్ని ఏడిపిస్తుంటారు, కొడుతుంటారు. బాక్సర్ అవుతానని వాడు అంటే, ముందు చెట్టు నుంచి రాలే పది ఆకులను నేల తాకకముందే చేత్తో పట్టుకుని చూపించమంటాడు ఒక సీనియర్ బాక్సర్. గట్టిగా చెయ్యి విసిరితే ఆ గాలికే ఆకు పక్కకు పోతుంది. విసిరిన చెయ్యి అంతే వేగంగా వెనక్కి రావాలి. బాక్సింగ్‌లో జాబ్ అనే గుద్దుకు పునాది అదే. వారంపాటు రాత్రింబవళ్లు వాడు చేసేది ఆ ఒక్క పనే. ఇక పడవ మీద బరువైన పెట్టెలు మోసీ మోసీ కాళ్లకూ నడుముకూ వచ్చిన బలమే వాడి గుద్దులోకి వస్తుంది. గుద్దు బలం భుజం నుంచి కాదు, కింద నుంచి వస్తుందని ఏ కోచ్‌ను అడిగినా చెబుతారు.

ఇప్పో కొట్టే ‘డెంప్సీ రోల్’ పేరు 1919లో ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయిన జాక్ డెంప్సీది. ముఖాన్ని రెండు చేతుల వెనక దాచుకుని లోపలికి దూసుకెళ్లే ఇప్పో పద్ధతి మైక్ టైసన్‌ది. 2022లో పూరి జగన్నాథ్ ‘లైగర్’లో మనం చూసిన టైసనే. కుర్రకారుకు ఈ వరసలు చెప్పి చూడండి. కథలోంచి చరిత్రలోకి వాళ్లంతట వాళ్లే నడిచి వెళ్తారు.

‘నరుటో’లో రాక్ లీకి మాయలు, మంత్రాలు రావు. వాడికున్నది చేతులూ కాళ్లూ మాత్రమే. కాళ్లకు బరువులు కట్టుకుని ఏళ్ల తరబడి సాధన చేస్తాడు. గారా అనే ప్రత్యర్థితో పోటీలో శరీరం తట్టుకోగలిగినదానికి మించి శక్తిని బయటికి లాగుతాడు. ఫలితంగా కండరాలు చిరుగుతాయి, చెయ్యీ కాలూ నుజ్జవుతాయి, ప్రాణానికే ప్రమాదమున్న ఆపరేషన్‌కు సిద్ధపడాల్సి వస్తుంది. పిల్లలు ఆ ఫైటును వంద రీల్స్‌గా చూసి ఉంటారు. ఆసుపత్రి మంచం మీది భాగాన్ని మాత్రం దాటేసి ఉంటారు. దాన్ని మీరు గుర్తు చేయండి.

‘డీమన్ స్లేయర్’ హీరో తంజిరో రాక్షసులతో పోరాడే కథలో నిజమెక్కడిదని మీరు అనొచ్చు. వాడి శిక్షణ భాగం చూడండి. మొదటి రోజే గురువు కత్తితో వీరుణ్ని చేసేయడు. కొండ మీంచి కిందికి దిగే దారిలో ఉచ్చులు పెట్టి దిగమంటాడు. కింద పడటం, పడ్డ వెంటనే లేవడం పదేపదే చేయిస్తాడు. మొత్తం శిక్షణకు దాదాపు రెండేళ్లు పడుతుంది. జపాన్‌లో జిగోరో కానో 1882లో జూడో స్థాపించిన నాటి నుంచి ఇవాళ్టిదాకా ఆ విద్యలో తొలి పాఠాల్లో ఉండేది ఇదే: దెబ్బ తగలకుండా ఎలా పడాలి. అయితే ‘డీమన్ స్లేయర్’లో తలలు తెగుతాయి, రక్తం ధారగా పారుతుంది. చిన్నపిల్లలకు అది వద్దు. ‘ఓజీ’కి సెన్సార్ ఇచ్చింది ‘ఏ’ సర్టిఫికెట్. అభిమాన హీరో సినిమా అయినా ఆ అక్షరాన్ని గౌరవించండి. యూఏ ఇచ్చినవాటికి పక్కన 7+, 13+, 16+ అని వయసు రాసి ఉంటుంది, అదీ చూడండి.

ఇంకో పాత కథ ఉంది, ‘అషితా నో జో’. బొమ్మల కథగా మొదలై 1970లో టీవీకీ వచ్చింది. అందులో రికిఇషి అనే బాక్సర్ ప్రత్యర్థితో తలపడటం కోసం నీళ్లు కూడా మానుకుని బరువు తగ్గుతాడు. పోటీ గెలుస్తాడు, కానీ ప్రాణం దక్కదు. ఆ కల్పిత పాత్ర కోసం 1970 మార్చిలో టోక్యోలో అభిమానులు నిజంగానే అంతిమ సంస్కారం జరిపారు. మీ అబ్బాయో అమ్మాయో పోటీలకు వెళ్లే వయసుకొస్తే ఈ కథ చెప్పండి. కిలో తగ్గాలని నీళ్లు మానేయించే కోచ్ దగ్గర ఒక్క రోజు కూడా ఉంచకండి. పై బరువు విభాగంలో ఆడి ఓడిపోయినా నష్టం లేదు.

మన వీధిలో తయారయ్యే ఫైట్లు

ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఫైట్లు తయారుచేసేవాళ్లు మన పొరుగువాళ్లే. వాళ్ల పని ఎంత గొప్పదో దేశం గుర్తించింది కూడా. 69వ జాతీయ సినిమా అవార్డుల్లో ‘ఆర్ఆర్ఆర్’కు కింగ్ సాలమన్, 71వ అవార్డుల్లో ‘హనుమాన్’కు నందు, పృథ్వీ ఉత్తమ యాక్షన్ పురస్కారం అందుకున్నారు. కాబట్టి సినిమా ఫైటు అంతా అబద్ధమని పిల్లలతో అనకండి. అదొక విద్య. నిజం కొట్లాట కంటే వేరే విద్య, అంతే.

ఆ విద్య ఎలా ఉంటుందో దగ్గర నుంచి చెప్పండి. ఫైట్ మాస్టర్ ఒక్కో కదలికనూ లెక్కపెట్టి కంపోజ్ చేస్తారు. కొట్టేవాడి పిడికిలికీ తగిలేవాడి చెంపకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కనపడని కోణంలో కెమెరా పెడతారు. సరైన క్షణానికి తగిలేవాడే తల విసురుతాడు. దెబ్బ చప్పుడు ఆ తర్వాత స్టూడియోలో కలుస్తుంది. గాల్లో ఎగిరే మనిషి నడుముకు రోప్ ఉంటుంది, దాన్ని గ్రాఫిక్స్‌లో చెరిపేస్తారు. చొక్కా కింద ప్యాడ్లు, నేల మీద పరుపులు ఉంటాయి. ఇన్ని ఉన్నా ప్రమాదాలు తప్పడం లేదు. 2025 జులైలో తమిళనాడులో ఒక షూటింగ్‌లో కారు స్టంట్ చేస్తూ ఎంతో అనుభవమున్న స్టంట్ కళాకారుడు చనిపోయారు.

మనలో చాలామంది 1999లో పవన్ కల్యాణ్ ‘తమ్ముడు’ చూసి పెరిగినవాళ్లం. చేతుల మీంచి కారు పోనిచ్చుకున్న ఆ శిక్షణ దృశ్యాలను ఇప్పుడు మన పిల్లలు ఫోన్లో చూస్తున్నారు. 2003లో వచ్చిన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’లో రవితేజ కిక్ బాక్సింగ్ కూడా అంతే ఇష్టంగా చూశాం. మన ఇష్టాన్ని దాచుకోనక్కర్లేదు. కాకపోతే తెర మీద ఉన్నది ఏళ్ల తరబడి సాధన చేసిన పెద్దవాళ్లు, వాళ్ల చుట్టూ కెమెరాకు కనపడని మనుషులు చాలామంది నిలబడి ఉన్నారు అన్న మాట పక్కనే ఉండి చెప్పాలి.

క్లాసులో చేర్చే ముందు

చూసి చూసి నేర్చుకోవాలనిపించడం మంచి కోరికే. యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కర్‌రెడ్డి ఇండోర్ స్టేడియం మీకు దగ్గరే. అక్కడ ఏవైనా పోటీలు జరుగుతుంటే ముందు పిల్లల్ని తీసుకెళ్లి ఒక పూట కూర్చోబెట్టండి. గెలిచినవాళ్లతో పాటు ఓడినవాళ్లు ఎలా నమస్కరించి వెళ్తున్నారో చూపించండి.

తర్వాత రెండు మూడు క్లాసులు తిరిగి చూడండి. ఫీజు కట్టకముందే మాస్టారుని కొన్ని మాటలు అడగండి. మొదటి నెల ఏం నేర్పుతారు? నిలబడటం, ఊపిరి, పడటం అని చెబితే సంతోషించండి. ఇటుకలు పగలగొట్టడం అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. నేల మీద మ్యాట్లు ఉన్నాయా? స్పారింగ్‌లో, అంటే జతగా తలపడే సాధనలో, హెడ్ గార్డు, నోటి గార్డు వాడతారా? చిన్నపిల్లలకు తల మీద దెబ్బలు అనుమతిస్తారా? తల్లిదండ్రులు కూర్చుని చూడొచ్చా? చూడకూడదంటే చేర్చకండి, ఆడపిల్లల విషయంలో మరీను. బ్లాక్ బెల్టుకు ఎన్నాళ్లు పడుతుంది? ఏడాదిలో ఇస్తామంటే అది నడుముకు కట్టుకునే గుడ్డ మాత్రమే. పద్ధతిగా నేర్పేచోట దానికి కొన్నేళ్లు పడుతుంది.

తల విషయంలో ఎందుకింత పట్టుదల అంటే, జూడో పుట్టిన జపాన్‌లోనే 1983 తర్వాతి మూడు దశాబ్దాల్లో బడి జూడోలో వందమందికి పైగా విద్యార్థులు చనిపోయారు. చాలా మరణాలకు కారణం తలకు తగిలిన దెబ్బలు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి గొంతెత్తాకే ఈ విషయం మీద దేశమంతా చర్చ జరిగింది. కాబట్టి తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మగత, మాట తడబడటం, చూపు మసకబారడం, అడిగిందే అడగడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లక్షణాలు తేలికగా ఉన్నా ఆ రోజు మళ్లీ ఆడనివ్వద్దు. డాక్టరు సరేనన్న తర్వాతే క్లాసుకు పంపండి.

విశ్రాంతి కూడా సాధనలో భాగమే అని పిల్లలకు నమ్మకం కుదరాలంటే మన నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి చెప్పండి. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. 2017లో భుజం గాయంతో రింగుకు దూరమైంది. బాగుచేసుకుని, ఓపికపట్టి, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. ఇప్పో కథకు తీసిపోని కథ ఇది, పైగా జరిగినది.

ఇంట్లో నాలుగు నియమాలు

అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు హాల్లో కుస్తీ పడతారు. పూర్తిగా మాన్పించడం ఎవరి తరమూ కాదు. నియమాలు పెట్టడం మాత్రం మన చేతిలో పనే.

ఒకటి, తల మీద, మెడ మీద చెయ్యి పడకూడదు. గొంతు నొక్కే పట్లు, ఊపిరి బిగబట్టే పందేలు ఆటలో లేవు. ‘డీమన్ స్లేయర్’లో వాటికి ‘బ్రీతింగ్ టెక్నిక్’ అని పేరున్నా సరే.

రెండు, జూడోలో ఉన్నట్టే ఎదుటివాళ్లు రెండుసార్లు చేత్తో తట్టగానే ఆ క్షణంలోనే వదిలేయాలి. వదలడం నేర్చుకున్న పిల్లాడికే పట్టు నేర్చుకునే అర్హత.

మూడు, కర్ర, స్కేలు, ఆన్‌లైన్లో దొరికే స్టీలు కత్తి ఏదీ ఆటలోకి రాకూడదు. మేడ మీద, బాల్కనీలో, మెట్ల దగ్గర ఆట వద్దు.

నాలుగు, బడిలో ఎవరిమీదా ప్రయోగాలు చేయకూడదు. ఎవరైనా మీదికొస్తే మొదటి పని పక్కకు తప్పుకుని పెద్దవాళ్లను పిలవడం. దానికి సిగ్గుపడాల్సిన పని లేదని మీ నోటితో చెప్పండి.

చివరగా ఒక మాట

ఇప్పో బాక్సింగ్‌లోకి వచ్చింది దెబ్బలు తిని తిని. మీ పిల్లలకు ఉన్నట్టుండి ఫైట్ల మీద ఇష్టం పుడితే, అది ఇష్టమేనా, వెనక ఏదైనా బాధ ఉందా అని ఒకసారి చూడండి. బడికి వెళ్లనని మొండికేయడం, బస్సు ఎక్కడానికి భయపడటం, వస్తువులు పోగొట్టుకుని రావడం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే కరాటే క్లాసు కన్నా ముందు కావాల్సింది మీ చెవి. ‘నువ్వూ తిరిగి కొట్టు’ అని పంపడం సులువు. అలా పంపితే బిడ్డ ఆ బరువును ఒంటరిగా మోయాల్సి వస్తుంది. బడికి వెళ్లి మాట్లాడాల్సింది మీరు. ఇప్పో తనను కొట్టినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి ప్రతీకారం తీర్చుకోడు. బలంగా ఉండటమంటే ఏమిటో తెలుసుకోవాలన్నదే వాడి తపన. పిల్లలకు ఆ ప్రశ్న మీద గౌరవం కలగడం మంచి గురువు వల్ల సాధ్యం, మంచి కథ వల్లా సాధ్యం. అంతకంటే ముందు, పక్కన కూర్చుని చూసి, ఆగి మాట్లాడే అమ్మానాన్నల వల్ల సాధ్యం. వారానికి ఒక్క ఎపిసోడ్ అయినా వాళ్లతో కలిసి చూడండి.