అడ్డుకట్ట వెనుక తాపీ: వేసవిలో నది చెరువైతే

సూరత్‌లో నానా వరాఛా నుంచి మోటా వరాఛాకు వంతెన మీదుగా వెళుతూ మే నెలలో కిందికి చూస్తే, పారే నది కాదు, నిలిచిన చెరువు ఉన్నట్టు అనిపిస్తుంది. (గుజరాతీలో నానా అంటే చిన్న, మోటా అంటే పెద్ద.) మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టి 724 కిలోమీటర్లు ప్రవహించే తాపీ సముద్రానికి కాస్త ముందు ఇక్కడ ఆగుతుంది. దిగువన సింగణ్‌పోర్ దగ్గర 1995లో కట్టిన అడ్డుకట్ట ఇందుకు కారణం. పోటుతో ఎగదన్నే ఉప్పునీటిని అది పైకి రానివ్వదు. ఉకాయ్ జలాశయం నుంచి వచ్చే మంచినీటిని వెనుక నిలుపుతుంది. నగరం తాగునీటికి ప్రధాన ఆధారం ఈ నీరే. కాబట్టి ఎండాకాలంలో దీన్ని నదిగా కంటే చెరువుగా చూస్తేనే దీని తీరు అర్థమవుతుంది. మరమగ్గాల పని మీద వెళ్లి సూరత్‌లో స్థిరపడిన తెలుగువారైనా, మన ఊరి చెరువుగట్టు దగ్గర ఉండేవారైనా, ఒక శని, ఆదివారాలు తీరిగ్గా నీటి పక్కన గడిపితే ఈ మార్పులు గమనించవచ్చు.

శనివారం సాయంత్రం గట్టు మీద గాలి హాయిగా ఉంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. అందులో కొంత చుట్టూ ఉన్న గాలి నుంచే వస్తుంది. అయితే సూరత్ సముద్రానికి దగ్గర. గాలిలో అప్పటికే తేమ ఎక్కువ కనుక ఆవిరయ్యే వేగం తగ్గి, చల్లదనంతోపాటు ఉక్క కూడా ఉంటుంది. రాత్రి గడిచేకొద్దీ పరిస్థితి తిరగబడుతుంది. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే 4.2 జౌళ్ల వేడిని వదలాలి. ఇసుకకు ఇందులో అయిదో వంతు చాలు. అందుకే తెల్లవారుజామున ఒడ్డున ఇసుక చల్లగా, నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి.

ఆ వెచ్చని నీరు పైనే ఉంటుందన్నది అసలు విషయం. లోతైన చోట ఈత కొట్టినవారికి తెలుసు, కాళ్లు కిందికి జారగానే చల్లగా తగులుతుంది. వేడెక్కిన నీరు తేలికై పైన నిలుస్తుంది, బరువైన చల్లని నీరు అడుగున ఉండిపోతుంది. చలి దేశాల సరస్సుల్లోనూ ఇలాగే జరుగుతుంది కానీ, మన దగ్గర కొద్ది డిగ్రీల తేడాకే పొరలు గట్టిగా విడిపోతాయి. 5 నుంచి 10 డిగ్రీలకు వేడెక్కినప్పుడు ఘనపు మీటరు నీటి బరువు సుమారు 0.27 కిలోలు తగ్గితే, 30 నుంచి 35 డిగ్రీలకు వేడెక్కినప్పుడు 1.6 కిలోలు తగ్గుతుంది. అంటే అదే అయిదు డిగ్రీలకు ఆరు రెట్ల తేడా! గాలి లేని మధ్యాహ్నం ఈ పై పొర మూతలా కూర్చుంటుంది. గాలిలోని ఆక్సిజన్ అడుగుకు చేరదు. అడుగున కుళ్లే ఆకులు, మురుగు మాత్రం ఉన్న ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తూనే ఉంటాయి. కుళ్లిన గుడ్డు వాసన పుట్టేది అక్కడే.

ఆదివారం తెల్లవారకముందే లేవగలిగితే మరొకటి చూడవచ్చు. 30 డిగ్రీల దగ్గర లీటరు నీరు గాలి నుంచి గ్రహించగల ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములే. పగలు శైవలాలు కిరణజన్య సంయోగక్రియతో దీన్ని ఇంకా పెంచుతాయి. రాత్రి అవీ శ్వాసిస్తాయి, చేపలూ శ్వాసిస్తాయి. రాబడి లేని ఖర్చు కనుక సూర్యోదయానికి ముందు నిల్వ అట్టడుగుకు చేరుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ఆట కాదు, ఊపిరాడని స్థితి. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులకు ఇది పుస్తకపాఠం కాదు. తెల్లవారుజామున ఏరేటర్లు తిప్పేది ఇందుకే. మబ్బు పట్టిన రోజు మరునాడు వారు మరింత జాగ్రత్తగా ఉంటారు.

ఇక పచ్చదనం. మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం నిలిచిన నీటిలో ఎరువులా పనిచేస్తాయి. తాపీలో వేసవికి పరుచుకునే గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. అనుకూలిస్తే రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది. కళ్లకు అది కనిపిస్తుంది కాబట్టి యంత్రాలతో తీసేస్తారు. నా దృష్టిలో అంతకంటే పట్టించుకోవాల్సినవి సయనోబాక్టీరియా. కణాల్లో గాలి సంచులుండటం వల్ల అవి ఎండ కోసం పైకి తేలి, పచ్చరంగు ఒలికినట్టు ఒడ్డున చేరతాయి. వీటిలో కొన్ని తయారుచేసే జియోస్మిన్ నీటికి మట్టివాసన ఇస్తుంది. లీటరులో గ్రాములో వంద కోట్లో వంతు లెక్కన కొన్ని పాళ్లున్నా మన ముక్కు పట్టేస్తుంది. వాసన వరకైతే హాని లేదు. కానీ కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్‌లను కూడా తయారుచేస్తాయి. మరిగిస్తే ఈ విషం పోదు, పైగా కణాలు పగిలి నీటిలోకి వస్తుంది. కాబట్టి పచ్చని తెట్టు కనిపించిన చోట పిల్లల్ని దిగనివ్వకూడదు, పశువులకు, కుక్కలకు ఆ నీళ్లు తాపకూడదు.

తెట్టు కట్టకముందే నీటి స్థితిని కొలిచే సులువైన పద్ధతి ఒకటుంది. 1865లో ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కి సముద్రంలో పళ్లేన్ని దించి నీటి స్వచ్ఛతను చూశాడు. 20 సెంటీమీటర్ల పాత స్టీలు పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు ఒకదాని పక్కన ఒకటి వేయండి. కింద బరువు కట్టి, పది సెంటీమీటర్లకొక ముడి వేసిన తాడుతో మధ్యాహ్నం పూట నీడ వైపు నుంచి దించండి. రేవు మెట్ల మీద పట్టుగా నిలబడి, తోడుగా మరొకరు ఉండగానే చేయాలి. కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు, రెండింటి సగటు రాసుకోండి. మొక్కలు పెరగడానికి చాలినంత వెలుతురు చేరేది సుమారుగా దీనికి రెండున్నర రెట్ల లోతు వరకే.

ఏప్రిల్ నుంచి ప్రతి ఆదివారం రాస్తే ఈ అంకె క్రమంగా తగ్గడం కనిపించవచ్చు. పక్కనే నీటి రంగు కూడా రాయడం మరవద్దు. జులైలో వానలు పడి, తాపీ అడ్డుకట్ట మీదుగా పొంగినప్పుడు కూడా పళ్లెం త్వరగానే మాయమవుతుంది. కానీ అప్పుడు దాన్ని దాచేది శైవలాలు కాదు, కొట్టుకొచ్చిన ఎర్రటి ఒండ్రు.