పసిబిడ్డల మందు: బరువును బట్టి మోతాదు

పూర్వము యునానీ హకీములు మందులను రత్తీ, మాషా, తోలాల లెక్కన తూచెడివారు. రత్తీ అనగా మన గురివింద గింజయే. ఎనిమిది రత్తీలు ఒక మాషా. పన్నెండు మాషాలు ఒక తోలా. మన ఆయుర్వేద వైద్యులకును ఆ గురివింద గింజయే తూనిక. నాటి కొలతలు పోయి నేడు మిల్లీగ్రాములు వచ్చినవి. అయినను మందును తూచి ఈయవలెనను నియమము మాత్రము మారలేదు. పిల్లల విషయమున మరియొక నియమము దానికి తోడైనది. మందుతో పాటు మందు పుచ్చుకొను బిడ్డను గూడ తూచవలెను. ఆ లెక్కను విద్యార్థి మిత్రులకు సులభముగా బోధపడునట్లు ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఈ విషయము వ్రాయుటకు కారణము లేకపోలేదు. మా పొరుగింట ఒక పసివానికి జ్వరము వచ్చినది. వాని బరువు ఎనిమిది కిలోలు. తల్లి ఒక చిన్న సీసా చూపి, "సెంచాడు పోసీసినాను బాబూ, ఇంకా జొరం తగ్గనేదు, ఇంకో సెంచాడు పొయ్యనా?" అని అడిగినది. సీసా చూచితిమి. అది సిరప్పు కాదు, పారాసిటమాల్ చుక్కల మందు. చుక్కల మందులో ఒక మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాముల మందు ఉండును. ఐదు మిల్లీలీటర్ల చెంచాతో 500 మిల్లీగ్రాములు, అనగా పెద్దవారు మ్రింగు ఒక పూర్తి మాత్ర, ఆ పసివాని కడుపులోనికి పోయినది. రెండవ చెంచాను ఆపి, సీసాతో సహా బిడ్డను వైద్యునికి చూపించితిమి. ఏ హానియు కలుగలేదు. ఆ తల్లి అజాగ్రత్త గలది కాదు. సీసా మీద ఉన్న అక్షరములు తెలుగూ కావు, ఉర్దూయును కావు. చెప్పినవారు లేరు, చదువుటకు ఆమెకు ఇంగ్లీషు రాదు.

వయస్సా, బరువా?

పూర్వము పిల్లల మోతాదును వయస్సును బట్టి కట్టెడివారు. యంగ్ సూత్రము ప్రకారము బిడ్డ వయస్సును, ఆ వయస్సునకు 12 కలుపగా వచ్చిన సంఖ్యతో భాగించి, పెద్దల మోతాదుతో గుణింపవలెను. నాలుగేండ్ల బిడ్డకు 4ను 16తో భాగింపగా నాల్గవ వంతు వచ్చును. పెద్దల మోతాదు 500 మిల్లీగ్రాములైనచో బిడ్డకు 125 అన్నమాట.

కాని నాలుగేండ్ల పిల్లలందరును ఒకే తీరున ఉందురా? ఒకడు 16 కిలోలుండవచ్చును; తిండి చాలని మరియొకడు 11 కిలోలే ఉండవచ్చును. ఆ 125 మిల్లీగ్రాములు మొదటివానికి కిలోకు ఎనిమిది కంటె తక్కువ, రెండవవానికి పదకొండు కంటె ఎక్కువ. పారాసిటమాల్ ఒక మోతాదుకు కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు ఉండవలెను. కావున మొదటివానికి మందు చాలదు. క్లార్క్ సూత్రము ఈ లోపమును గుర్తించి, బిడ్డ బరువును పౌనులలో తీసికొని 150తో భాగించినది. నేడు ఆ భిన్నములతో పని లేదు. ప్రతి మందునకు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని నేరుగా నిర్ణయించియున్నారు.

లెక్క చేయు విధము

ఇందు మూడు మెట్లు కలవు. మొదటిది, బిడ్డ బరువును కిలోకు ఈయవలసిన మోతాదుతో గుణించుట. రెండవది, సీసా మీద చదివి ఒక మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములున్నవో తెలిసికొనుట. మూడవది, మొదటి సంఖ్యను రెండవ దానితో భాగించుట.

పది కిలోల బిడ్డకు కిలోకు 15 చొప్పున 150 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కావలెననుకొందము. అంగడిలో ఇది పలు బలములలో దొరకును. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములున్న సిరప్పైనచో మిల్లీలీటరునకు 25; కావున 6 మిల్లీలీటర్లు ఈయవలెను. 5 మిల్లీలీటర్లకు 250 ఉన్నదైనచో 3 మిల్లీలీటర్లు చాలును. చుక్కల మందైనచో ఒకటిన్నర మిల్లీలీటరే. బిడ్డ ఒక్కడే, మందు ఒక్కటే, మిల్లీగ్రాములు ఒక్కటే. కొలత మాత్రము మూడు విధములు. కావుననే "ఒక చెంచా" యను మాటకు అర్థము లేదు. పైగా వంటింటి చెంచాలన్నియు ఒకే కొలత కావు. సీసాతో వచ్చు గీతల మూతనో, సూది లేని సిరంజినో వాడుట మేలు.

పొరుగింటి బిడ్డ లెక్కయు చూతము. ఎనిమిది కిలోలకు 80 నుండి 120 మిల్లీగ్రాములు చాలును. చుక్కల మందులో అది 0.8 నుండి 1.2 మిల్లీలీటర్లు. పోసినది 5 మిల్లీలీటర్లు. అనగా గరిష్ఠ మోతాదునకు నాలుగు రెట్లకు మించినది. అదే కొలతను దినమునకు నాలుగుసార్లు పోసియుండినచో కాలేయము దెబ్బతినెడిది.

మరియొక పొరపాటు కలదు. కొన్ని మందులకు "ఒక మోతాదుకు" అనియు, కొన్నింటికి "దినమునకు" అనియు లెక్క వ్రాసియుండును. దినపు లెక్కను ఒకేసారి ఇచ్చినచో మోతాదు మూడు నాలుగు రెట్లగును. బొద్దుగా ఉన్న పిల్లలకు లెక్క ఎంత వచ్చినను పెద్దల మోతాదును మించరాదు.

బరువు ఒక్కటే చాలునా?

చాలదు. అప్పుడే పుట్టిన శిశువు కాలేయము, మూత్రపిండములు ఇంకను పరిపక్వము కానివి. క్లోరాంఫెనికాల్ ఇచ్చిన కొందరు నవజాత శిశువులు బూడిదరంగుకు మారి మరణించిన సంగతి 1959లో వైద్యలోకమునకు తెలిసినది. ఆ మందును వారి శరీరము విరిచి బయటకు పంపలేకపోయినది. కొన్ని మందులు ఏ మోతాదులోను పిల్లలకు తగవు. జ్వరమునకు ఆస్పిరిన్ ఈయరాదు. 2011లో మన ప్రభుత్వము 12 ఏండ్ల లోపు పిల్లలకు నిమెసులైడ్‌ను నిషేధించినది. మూడు నెలల లోపు శిశువునకు జ్వరము వచ్చినచో లెక్కలతో కాలము గడుపక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

మన జిల్లాల ఉదాహరణము

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి బోదకాలు వ్యాధి క్రొత్త కాదు. దానికి వాడు డైఇథైల్ కార్బమజీన్ మందు తెలుగువారికి గర్వకారణము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో 1947లో అది వెలువడినది. దాని మోతాదు కిలోకు 6 మిల్లీగ్రాములు.

2004 నుండి దేశమున బోదకాలు వ్యాధి ఉన్న జిల్లాలలో ఇంటింటికి ఈ మాత్రలు పంచినపుడు, మన జిల్లాలలోను లక్షలమందిని తూచుట సాధ్యము కాదు గనుక వయస్సును బట్టి పంచిరి. రెండు నుండి ఐదేండ్ల వారికి 100 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. ఆరు నుండి పదునాలుగేండ్ల వారికి రెండు. ఆపై వారికి మూడు. రెండేండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రముగా జబ్బుపడిన వారికి ఈయలేదు. 16 కిలోల ఐదేండ్ల బిడ్డకు లెక్క ప్రకారము 96 మిల్లీగ్రాములు. ఒక మాత్ర సరిపోయినది. 11 కిలోల రెండేండ్ల బిడ్డకు 66 మాత్రమే కావలెను. అయినను అదే మాత్ర దొరకినది. ఈ మందునకు అంత తేడాను ఓర్చు గుణము కలదు గనుక చెల్లినది. అన్ని మందులు అట్లు ఓర్చవని గ్రహింపవలెను.

బరువు తెలియుట కష్టము కాదు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీలలో పిల్లలను తూచి వ్రాయుచున్నారు. లేనిచో తల్లి బిడ్డను ఎత్తుకొని తూగి, పిదప ఒంటరిగా తూగవలెను. 52 కిలోలలో 44 తీసివేయగా బిడ్డ 8 కిలోలని తేలును.

మందు ఏదో, ఎన్నాళ్ళో నిర్ణయించుట వైద్యుని పని. అది మన పని కాదు. కాని మన యిండ్లలో తల్లులు, నాన్నమ్మలు, అమ్మీజాన్‌లు ఇంగ్లీషు అక్షరములున్న సీసాలు చేతపట్టుకొని మన వంకే చూచుచున్నారు. సీసా మీది అంకెలను చదివి, బిడ్డ బరువుతో సరిచూచి, ఇన్ని మిల్లీలీటర్లని వారికి తెలుగులోనో ఉర్దూలోనో సీసా మీదనే వ్రాసి యిచ్చుట చదువుకొన్న మన కనీస కర్తవ్యము. ఒక గుణకారము, ఒక భాగహారము మాత్రమే దానికి కావలసిన గణితము.