గుంపులో ఒకరు ఆస్తిని పాడుచేస్తే బాధ్యత ఎవరిది?

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గుంపులోని వ్యక్తికి నేరబాధ్యత ఎప్పుడు వస్తుందో చెప్పగలుగుతారు.
• శిక్షకూ నష్టపరిహారానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.

ఉదాహరణ

ఒక పట్టణంలో బంద్ జరుగుతోందనుకోండి. బస్సులను బలవంతంగా ఆపాలని, ఆగకపోతే అద్దాలు పగులగొట్టాలని ఆరుగురు యువకులు ముందే అనుకొని వచ్చారు. వారిలో ఒకడు రాయి విసిరాడు. ఆర్టీసీ బస్సు అద్దం పగిలింది. బస్సు కోసం వచ్చిన ఒక విద్యార్థి కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. పోలీసులు ఏడుగురినీ పట్టుకున్నారు. "రాయి నేను విసరలేదు" అని ఆరుగురు చెప్పారు. ఈ మాట వారందరినీ కాపాడుతుందా?

1. ఉమ్మడి ఉద్దేశం

ఉమ్మడి ఉద్దేశంతో కొందరు కలిసి నేరం చేస్తే, ప్రతి ఒక్కరూ ఆ పనిని తానే చేసినట్లుగా బాధ్యులవుతారు. భారతీయ న్యాయ సంహితలోని 3(5) సెక్షన్ ఈ విషయం చెబుతుంది. 2024 జులై 1 నుంచి ఈ సంహిత అమలులో ఉంది. అంతకుముందు భారత శిక్షాస్మృతిలో ఇదే నియమం 34వ సెక్షన్‌గా ఉండేది.

2. చట్టవిరుద్ధ సమావేశం

ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది చట్టం నిషేధించిన లక్ష్యంతో గుమిగూడితే అది చట్టవిరుద్ధ సమావేశం (189వ సెక్షన్). ఆ లక్ష్యం కోసం ఒక సభ్యుడు చేసిన నేరానికి మిగిలిన సభ్యులు కూడా బాధ్యులే (190వ సెక్షన్). అలాంటి నేరం జరగవచ్చని సభ్యులకు ముందే తెలిసినా బాధ్యత తప్పదు. కాబట్టి రాయి విసరని ఐదుగురు యువకులు తప్పించుకోలేరు.

మరి విద్యార్థి సంగతి? కేవలం అక్కడ ఉండటం నేరం కాదు. అయితే గుంపు ఉద్దేశం తెలిసి కూడా కావాలని అందులో చేరినా, కొనసాగినా అతడూ సభ్యుడే అవుతాడు.

3. శిక్ష వేరు, పరిహారం వేరు

ప్రజా ఆస్తి నష్ట నివారణ చట్టం, 1984 ప్రకారం ప్రజా రవాణా వాహనాన్ని పాడుచేస్తే ఐదేళ్ల వరకు కఠిన కారాగారశిక్ష, జరిమానా పడవచ్చు. పరిహారం విషయంలో సుప్రీంకోర్టు 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం నష్టం చేసినవారితో పాటు, ఆ సంఘటనతో సంబంధం రుజువైతే నిర్వాహకులు కూడా పరిహారం భరించాలి.

పాఠగత ప్రశ్నలు

ఒప్పా, తప్పా?
1. రాయి విసిరినవాడు మాత్రమే బాధ్యుడు.
2. దారిన పోతూ ఆగి చూసిన ప్రతి వ్యక్తీ నేరస్థుడే.
3. నిర్వాహకులు కూడా పరిహారం చెల్లించవలసి రావచ్చు.

జవాబులు: 1. తప్పు 2. తప్పు 3. ఒప్పు

సారాంశం

"ఎవరి చేతిలో రాయి ఉంది?" అన్న ఒక్క ప్రశ్నతో న్యాయస్థానం ఆగదు. "ఎవరు ఏ ఉద్దేశంతో గుంపులో ఉన్నారు?" అని కూడా చూస్తుంది. గుంపు హింసకు సిద్ధపడుతోందని తెలిసిన వెంటనే అక్కడి నుంచి వెళ్లిపోవడం మంచిది.